సి3 తగ్గిందంటే బాబుకి ఇమ్యూనిటీ పోయినట్టేనా?

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకి ఎనిమిదేళ్లు. నెల కింద కాళ్లకు చీము కురుపులు లేచాయి, ఏదో ఆయింట్‌మెంట్ రాస్తే ఎండిపోయాయి. పోయిన వారం పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, మూత్రం చాయ్ డికాక్షన్ రంగులో వచ్చింది. వరంగల్‌లో చూపిస్తే పిల్లల డాక్టర్ బీపీ చూసి, మూత్ర పరీక్షతో పాటు సి3, సి4 అనే రక్త పరీక్షలు రాశారు. సి3 34 వచ్చింది, ఆ ల్యాబ్ లెక్కలో ఉండాల్సింది 90 నుంచి 180. సి4 మాత్రం 24, అది మామూలే. "కాంప్లిమెంట్ తగ్గింది, ఎనిమిది వారాల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారట. ఇంటికొచ్చాక చుట్టాలు "పిలగానికి ఇమ్యూనిటీ పడిపోయింది" అని పౌడర్ డబ్బాలు తెచ్చిపెట్టారు. కాంప్లిమెంట్ అంటే ఏంటి, అది తగ్గితే ప్రమాదమా, రెండు నెలలు ఎందుకు ఆగాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీకు కావాల్సిన మాట చెప్తాను. మీ బాబు ఒంట్లో రోగంతో పోరాడే శక్తి పుట్టుకతోనే లేదని ఈ రిపోర్ట్ చెప్పడం లేదు. ఉన్న సి3 ఇప్పుడు పెద్ద ఎత్తున ఖర్చవుతోందని చెప్తోంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, ఆ తేడా అర్థమైతే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. పౌడర్లు పక్కన పెట్టండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. బాబుకి తలనొప్పి గట్టిగా వచ్చినా, వాంతులైనా, చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకురండి. కురుపుల తర్వాత కిడ్నీ వాచే ఈ జబ్బులో మొదటి రెండు వారాలు భయపెట్టేది బీపీ, ఒంట్లో నిలిచిపోయే నీళ్లు. సి3 నంబర్ చూసి ఎవరూ అర్ధరాత్రి పరుగెత్తక్కర్లేదు, ఈ లక్షణాలు చూసి పరుగెత్తాలి.

నేను మైక్రోబయాలజీ డాక్టర్ని. ముప్పై ఏళ్లకు పైగా వరంగల్‌లోనే సీరాలజీ ల్యాబ్‌లో పనిచేశాను, వైద్య విద్యార్థులకు ఈ పాఠం ఏటా చెప్పాను. బాబుకి మందులు రాయాల్సింది మీ పిల్లల డాక్టరే. ఆ రిపోర్ట్ వెనక ఏం జరుగుతోందో చెప్పడం నా పని.

కాంప్లిమెంట్ అంటే ఒక్క పదార్థం కాదు. మన రక్తంలో తిరిగే ముప్పైకి పైగా ప్రోటీన్ల గుంపు. ఎక్కువ భాగం కాలేయమే తయారు చేస్తుంది. మామూలు రోజుల్లో ఇవి నిద్రపోతున్నట్టు రక్తంలో తేలుతుంటాయి. సూక్ష్మజీవి లోపలికి వస్తే ఒకదాన్నొకటి లేపుకుంటాయి. మొదటిది రెండోదాన్ని కోసి మేల్కొలుపుతుంది, అది మూడోదాన్ని, అలా వరసగా. ఒక్కో ప్రోటీన్‌కి సి1, సి2, సి3 అని సి9 దాకా నంబర్లు పెట్టారు. కనిపెట్టిన వరసలో పెట్టిన నంబర్లు కాబట్టి పనిచేసే వరస కొంచెం తేడా. సి1 తర్వాత సి4, ఆ తర్వాత సి2 వస్తాయి. మా విద్యార్థులు ఏటా పరీక్షలో తప్పు రాసే చోటు ఇదే.

ఈ పేరు ఎలా వచ్చిందో మా ల్యాబ్‌లో చేసే ఒక పరీక్షతో చెప్తాను. గొర్రె రక్తం తెచ్చి, ఎర్ర కణాలను సెలైన్‌తో మూడు నాలుగు సార్లు కడుగుతాం. వాటికి అంటుకునే యాంటీబాడీ కలుపుతాం. గాజు గొట్టంలో ఆ ద్రవం ఇటుకపొడి కలిపిన నీళ్లలా మసకగా ఉంటుంది, వెనక పేపర్ పెడితే అక్షరాలు కనపడవు. యాంటీబాడీ అంటుకుంది, కానీ కణానికి ఏమీ కాలేదు. అందులో తాజా సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవం, కొద్దిగా వేసి 37 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచితే, గొట్టం దానిమ్మ రసంలా తేటగా మారుతుంది. వెనక అక్షరాలు చదవొచ్చు. కణాలన్నీ పగిలిపోయాయన్నమాట. అదే సీరాన్ని ముందుగా 56 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేసి వేయండి, మసక మసకగానే ఉంటుంది. అప్పుడు గినీపిగ్ తాజా సీరం రెండు చుక్కలు కలపండి, మళ్లీ తేటపడుతుంది.

1890ల్లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేస్తున్న బెల్జియం డాక్టర్ జూల్స్ బోర్డే చూసింది ఇలాంటిదే. రక్తంలో రెండు విడి విడి శక్తులు ఉన్నాయని ఆయన తేల్చాడు. ఒకటి వేడికి తట్టుకుంటుంది, ఒక రోగాన్ని మాత్రమే గుర్తుపడుతుంది, అది యాంటీబాడీ. రెండోది వేడికి పోతుంది, అందరి రక్తంలో ముందు నుంచే ఉంటుంది, యాంటీబాడీ మొదలుపెట్టిన పనిని పూర్తి చేస్తుంది. పూర్తి చేసేది కాబట్టి పాల్ ఎర్లిక్ దానికి కాంప్లిమెంట్ అని పేరు పెట్టాడు. తెలుగు పుస్తకాల్లో పూరకం అని రాస్తారు. బోర్డేకి 1919 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. నేను ఆ గొట్టం తేటపడటం వందల సార్లు చూశాను, ఇప్పటికీ చూడబుద్ధవుతుంది.

మీది నర్సంపేట వైపు కాబట్టి పాకాల చెరువు మీకు తెలిసిందే. మన ప్రాంతంలో కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి కదా. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి పోతాయి, అది నిండితే ఇంకా కిందికి. కాంప్లిమెంట్ నడిచే తీరు అలాంటిదే. ఒక్క తేడా ఉంది. చెరువుల్లో పైన వదిలిన నీళ్లే కిందికి వస్తాయి, కొంత తగ్గుతాయి కూడా. కాంప్లిమెంట్‌లో ప్రతి మెట్టు దగ్గర పెరుగుతుంది. సి3ని కోసే ఒక్క కత్తెర వందల కొద్దీ సి3 కణికలను కోస్తుంది. అందుకే చిన్న చోట మొదలైన పని నిమిషాల్లో పెద్దదవుతుంది.

ఈ గొలుసు మొదలవడానికి మూడు దారులు. మొదటి దారిలో సూక్ష్మజీవికి అంటుకున్న యాంటీబాడీని సి1 పట్టుకుంటుంది. రెండో దారిలో యాంటీబాడీ అక్కర్లేదు, సూక్ష్మజీవి ఒంటి మీద ఉండే ఒక రకం చక్కెరలను రక్తంలోని లెక్టిన్ ప్రోటీన్లు గుర్తుపడతాయి. ఈ రెండూ సి4ని, సి2ని వాడుకుని సి3 దగ్గరికి వస్తాయి. మూడో దారి నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది. దానికి ఎవరూ కబురు పెట్టక్కర్లేదు. చెరువు కట్ట కింద ఎప్పుడూ కొంచెం ఊట ఊరుతున్నట్టు, మన రక్తంలో ఇప్పుడు ఈ క్షణాన కూడా సి3 కొద్దికొద్దిగా తనంతట తాను తెరుచుకుంటూనే ఉంటుంది. తెరుచుకున్న సి3 ముక్కకు ఒక అంటుకునే కొస ఉంటుంది. రెప్పపాటులో అతి చిన్న భాగం మాత్రమే ఆ కొస పనిచేస్తుంది. ఆలోపు పక్కన ఏ ఉపరితలం దొరికితే దానికి అతుక్కోవాలి, లేకపోతే నీళ్లలో కలిసి పనికిరాకుండా పోతుంది. అది మన కణానికి అతుక్కుంటే మన కణం వెంటనే తుడిచేస్తుంది. బ్యాక్టీరియాకి అతుక్కుంటే తుడిచేవాళ్లు లేరు. అక్కడ ఫ్యాక్టర్ బి, ఫ్యాక్టర్ డి వచ్చి చేరి, కొత్త కత్తెర తయారై, ఇంకా ఇంకా సి3ని కోస్తుంది. ఈ మూడో దారికి సి4తో పనిలేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి అమ్మా, మీ బాబు రిపోర్ట్ చదవడానికి తాళం చెవి ఇదే.

మూడు దారులూ కలిసేది సి3 దగ్గర. అందుకే ఈ ప్రోటీన్లన్నిటిలో రక్తంలో ఎక్కువగా ఉండేది అదే, ఒక మిల్లీలీటర్ సీరంలో సుమారు ఒక మిల్లీగ్రాము.

సి3 తెగాక జరిగేవి చెప్తాను. దాని పెద్ద ముక్క సూక్ష్మజీవి ఒళ్లంతా వేల సంఖ్యలో అతుక్కుంటుంది. తెల్ల రక్తకణాలకు ఆ ముక్కను పట్టుకునే చేతులు ఉంటాయి. జారిపోయే జిగురు పొర కప్పుకున్న బ్యాక్టీరియాని కూడా ఆ ముక్కల సాయంతో గట్టిగా పట్టి మింగేస్తాయి. కాంప్లిమెంట్ చేసే పనుల్లో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. పుస్తకాల్లో బొమ్మలు మాత్రం ఎక్కువగా చివరి పనికి వేస్తారు. సి5 నుంచి సి9 దాకా కలిసి సూక్ష్మజీవి పొరలో గొట్టం లాంటి రంధ్రం చేయడం. సి9 పద్దెనిమిది దాకా వలయంగా నిలబడి ఆ గొట్టాన్ని కడతాయి, దాంట్లోంచి నీళ్లు లోపలికి దూసుకుపోయి సూక్ష్మజీవి పగిలిపోతుంది. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ పైన మందమైన గోడ ఉన్న బ్యాక్టీరియాల మీద ఈ రంధ్రం పనిచేయదు. మీ బాబు కాలి కురుపుల్లో ఉన్న స్ట్రెప్టోకాకస్ అలాంటి మందం గోడ ఉన్నదే. దాన్ని చంపాలంటే గుర్తులు అతికించి తెల్ల కణాలకు అప్పగించాల్సిందే.

ఇక సి3, సి5 చిన్న ముక్కలు కబురు మోస్తాయి. రక్తనాళాలను వదులు చేస్తాయి, తెల్ల కణాలను ఆ చోటికి రప్పిస్తాయి. కురుపు చుట్టూ ఎర్రబడటం, వేడెక్కడం, వాయడంలో వీటి చెయ్యి ఉంది.

ఎవరూ పెద్దగా చెప్పని పని ఇంకొకటి ఉంది, చెత్త ఎత్తడం. యాంటీబాడీ, రోగపు ముక్క కలిసి చిన్న చిన్న ముద్దలవుతాయి. కాంప్లిమెంట్ వాటికి అంటుకుంటే ఎర్ర రక్తకణాలు వాటిని మోసుకెళ్లి కాలేయానికి, ప్లీహానికి అప్పగిస్తాయి. ఈ పని సరిగా జరగకపోతే ఆ ముద్దలు కిడ్నీలో, కీళ్లలో, చర్మంలో పేరుకుంటాయి. పుట్టుకతో సి1లోని సి1క్యూ అనే భాగం లేని పిల్లల్లో ఎక్కువ మందికి, ఒంటి రక్షణే ఒంటిని దెబ్బతీసే లూపస్ అనే జబ్బు వస్తుంది. యాంటీబాడీ ఎంత ఉన్నా ఎత్తిపోసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఆ పిల్లల్ని చూస్తే తెలుస్తుంది.

ఇంత బలమైనది మన ఒంటినే ఎందుకు తినెయ్యదు? చెరువుకి నీరటి ఉన్నట్టు దీనికీ కాపలాదారులు ఉన్నారు. ఎప్పుడు తూము ఎత్తాలి, ఎప్పుడు దించాలి అని నీరటి చూసుకున్నట్టు, ఫ్యాక్టర్ హెచ్, ఫ్యాక్టర్ ఐ అనేవి రక్తంలో తిరుగుతూ మన కణాల మీద పడ్డ సి3 ముక్కలను ఆర్పేస్తుంటాయి. మన కణాల పొర మీదే సిడి55, సిడి59 అనే కాపలా ప్రోటీన్లు ఉంటాయి. నా ఉద్దేశంలో కాంప్లిమెంట్ సంగతి అంతా ఈ నీరటి చేతిలోనే ఉంది. దాడి చేసే ప్రోటీన్ల గురించి ఎంత చదివినా, ఆపే ప్రోటీన్ల గురించి చదవకపోతే జబ్బులు అర్థం కావు.

స్ట్రెప్టోకాకస్ తెలివి చూడండి. దాని ఒంటి మీద ఎం ప్రోటీన్ అని ఒకటి ఉంటుంది. చాలా రకాల్లో అది మన ఫ్యాక్టర్ హెచ్‌నే పట్టుకుని తన ఒంటికి కట్టుకుంటుంది. మన నీరటిని తన గట్టు మీద కూర్చోబెట్టుకుందన్నమాట. సి3 ముక్క అతుక్కోగానే ఆ ఫ్యాక్టర్ హెచ్ దాన్ని ఆర్పేస్తుంది. పైగా కబురు మోసే సి5 ముక్కను కోసేసే ఎంజైమ్ కూడా దాని దగ్గర ఉంది. నాగుపాముది దీనికి పూర్తిగా తిరగబడ్డ తీరు. దాని విషంలో సి3ని పోలిన ప్రోటీన్ ఒకటి ఉంటుంది. అది ఫ్యాక్టర్ బితో కలిసి కత్తెరగా మారుతుంది, ఆ కత్తెరను మన నీరటి ఆపలేడు. తూము ఎత్తి విరగ్గొట్టినట్టు సి3 అంతా కారిపోతుంది. ల్యాబ్‌లో జంతువుల రక్తంలో కాంప్లిమెంట్ లేకుండా చేయాలంటే పరిశోధకులు వాడేది ఆ ప్రోటీన్‌నే.

కాపలా లేకపోతే వచ్చే జబ్బుల్లో ఒకదాని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దాన్ని చాలాసార్లు అలర్జీ అని వదిలేస్తారు. ఒకసారి పరకాల వైపు నుంచి ఇరవై రెండేళ్ల అమ్మాయి రక్తం మా ల్యాబ్‌కి వచ్చింది. చిన్నప్పటి నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు పెదాలు, చేతులు వాచేవి. దద్దుర్లు ఉండవు, దురద ఉండదు. కడుపులో మెలిపెట్టే నొప్పి. ఒకచోట అపెండిక్స్ అని ఆపరేషన్ కూడా చేశారు. వాపు వచ్చినప్పుడల్లా అలర్జీ ఇంజెక్షన్లు వేశారు, ఏ ఒక్కటీ పనిచేయలేదు. వాళ్ల నాన్నకీ అలాగే ఉండేదట, గొంతు వాచి చనిపోయాడు. సి4 చూస్తే 4. సి1ని ఆపే కాపలా ప్రోటీన్ దాదాపు లేదు. వంశపారంపర్యంగా వచ్చే యాంజియోఎడీమా అది. ఇందులో వాపుకి అసలు కారణం బ్రాడీకైనిన్ అనే పదార్థం, అందుకే అలర్జీ మందులకు లొంగదు. దానికి వేరే మందులు ఉన్నాయి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి దురద లేని వాపులు వచ్చిపోతుంటే, ఇది చదివేవాళ్లు దయచేసి సి4 ఒక్కసారి చేయించండి. ఖరీదైన పరీక్ష కాదు. ఆ తండ్రి విషయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సిడి55, సిడి59 కాపలా పోయిన ఎర్ర కణాలు తమ కాంప్లిమెంట్‌కే పగిలిపోతాయి. అది పిఎన్‌హెచ్ అనే జబ్బు, ఎముక మజ్జలో తర్వాత వచ్చే మార్పు వల్ల పెద్దవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. దానికి సి5ని ఆపే ఎక్యులిజుమాబ్ అనే మందుకి 2007లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు మొదలుపెట్టే ముందు, మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్ అనే బ్యాక్టీరియాకి టీకా తప్పకుండా వేస్తారు. ఆ బ్యాక్టీరియాని ఆపడానికి ముఖ్యంగా కావాల్సింది రంధ్రం చేసే దళం, సి5 ఆగితే ఆ దళం లేనట్టే. పుట్టుకతో సి5 నుంచి సి9 దాకా ఏదో ఒకటి లేనివాళ్లకు కూడా మళ్లీ మళ్లీ వచ్చేది ఆ మెనింగోకాకస్ తెచ్చే మెదడు పొరల వాపే. జబ్బు చెప్పిందీ మందు చెప్పిందీ ఒకటే.

ఇప్పుడు మీ బాబు దగ్గరికి వద్దాం.

వానాకాలంలో మన ఊళ్లలో పిల్లలకు దోమ కాటో, గజ్జో గోకి గోకి చీము కురుపులవుతాయి. వాటిలో స్ట్రెప్టోకాకస్ చేరుతుంది. ఒళ్లు దానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. కురుపు ఎండిపోయాక, సుమారు మూడు నుంచి ఆరు వారాలకు, ఆ స్ట్రెప్ ముక్కలు, వాటికి అంటుకున్న యాంటీబాడీలు కిడ్నీలోని సన్నటి జల్లెడలో పేరుకుంటాయి. గొంతు నొప్పి తర్వాత వచ్చేదైతే ఇంకా తొందరగా, ఒకటి నుంచి మూడు వారాల్లో. మీరు నెల కింద కురుపులు అన్నారు, లెక్క సరిగ్గా సరిపోతోంది. జల్లెడలో పేరుకున్న ఆ ముద్దల మీద కాంప్లిమెంట్ లేస్తుంది, ముఖ్యంగా నేను చెప్పిన మూడో దారిలో. సి3 అక్కడ కుప్పలుగా అతుక్కుంటుంది, తెల్ల కణాలను పిలుస్తుంది, జల్లెడ వాస్తుంది. రక్తకణాలు మూత్రంలోకి జారతాయి, అదే డికాక్షన్ రంగు. ఉప్పు, నీళ్లు బయటికి పోవు, అదే ముఖం ఉబ్బు, బీపీ.

ఇలాంటి కిడ్నీ ముక్కను తీసి, సి3కి అంటుకునే మెరిసే రంగు వేసి, చీకటి గదిలో ఫ్లోరోసెంట్ మైక్రోస్కోప్ కింద చూస్తే ఆకుపచ్చటి చుక్కలు చిందరవందరగా మెరుస్తుంటాయి. చుక్కల ఆకాశం అనే వర్ణన పుస్తకాల్లో కూడా ఉంది. రక్తంలో తగ్గిన సి3 ఎక్కడికి పోయిందో అక్కడ కంటికి కనిపిస్తుంది. మీ బాబుకి ఆ బయాప్సీ అక్కర్లేదు, మామూలుగా ఈ జబ్బులో చేయరు. కానీ 34 అనే నంబర్ చూసినప్పుడు నాకు ఆ పచ్చటి చుక్కలే గుర్తొస్తాయి.

సి4 ఎందుకు మామూలుగా ఉందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. మూడో దారికి సి4తో పనిలేదు. అదే లూపస్ అయితే మొదటి దారి లేస్తుంది, అందుకే సాధారణంగా రెండూ తగ్గుతాయి. మీ డాక్టర్ రెండు పరీక్షలూ కలిపి రాయడం ఈ తేడా చూడటానికే. మంచి ఆలోచన.

ఎనిమిది వారాలు ఎందుకంటే, జల్లెడలో మంట చల్లారితే సి3 ఖర్చు ఆగుతుంది, కాలేయం కొత్తది చేస్తూనే ఉంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నంబర్ మామూలుకి వస్తుంది. అలా వస్తే ఇది కురుపుల వల్ల వచ్చిన జబ్బేనని ఖాయమైనట్టు. మూడు నెలలు దాటినా తక్కువగానే ఉంటే అప్పుడు వేరే ఆలోచించాలి. ఫ్యాక్టర్ హెచ్ లాంటి కాపలాలో లోపం వల్ల సి3 ఆగకుండా ఖర్చయ్యే కిడ్నీ జబ్బులు ఉన్నాయి, అవి మొదట అచ్చం ఇలాగే కనిపిస్తాయి. వాటికి కిడ్నీ నిపుణులు, బయాప్సీ అవసరం పడతాయి. అందుకే రెండో పరీక్ష మానేయకండి. ముఖం మామూలయ్యింది, బడికి పోతున్నాడు, ఇంకెందుకు అని చాలామంది రారు. వచ్చేవాళ్ల కంటే రానివాళ్ల గురించే మాకు బెంగ.

పిల్లల్లో ఈ జబ్బు నూటికి తొంభైకి పైగా పూర్తిగా నయమవుతుంది. ఉబ్బు, రంగు ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. మూత్రంలో కంటికి కనిపించని రక్తకణాలు మాత్రం ఏడాది దాకా పరీక్షలో కనపడొచ్చు, దానికి భయపడొద్దు, డాక్టర్ చెప్పినప్పుడల్లా చూపించండి. ఒకసారి వచ్చినవాళ్లకు రెండోసారి రావడం అరుదు.

ఇక పౌడర్లు. సి3ని పెంచే పొడి గానీ టానిక్ గానీ లేదు. కాలేయం ఎలాగూ తయారు చేస్తోంది, పోయే దారి మూసుకుంటే చాలు. ఇంకో మాట, కిడ్నీ వాచి ఉన్నప్పుడు లోపల ఏముందో తెలియని పొడి ఏదీ వేయకూడదు. చుట్టాలు ప్రేమతో కొబ్బరి బోండాలు, అరటిపండ్లు కూడా తెస్తారు. మూత్రం తగ్గిన రోజుల్లో వాటిలోని పొటాషియం ఒంట్లో నిలిచి గుండెకి ముప్పు చేయొచ్చు. డాక్టర్ సరే అనేదాకా ఆపండి. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పే ఉంటారు, అంటే కూరలో ఒక్కటే కాదు, పచ్చడి, అప్పడాలు, ఎండుచేపలు, సకినాలు, మిక్చర్, చిప్స్ ప్యాకెట్లు కూడా. పిల్లవాడు ఏడుస్తాడు, రెండు మూడు వారాలు ఓర్చుకోండి. నీళ్లు ఎన్ని ఇవ్వాలో కూడా వాళ్లు చెప్పిన కొలతే. రోజూ పొద్దున ఒకే సమయంలో బరువు చూసి రాసిపెట్టుకుంటే డాక్టర్‌కి చాలా ఉపయోగం.

పెన్సిలిన్ రకం మందు రాసి ఉంటే అది కిడ్నీని బాగు చేయడానికి కాదు, చర్మంలో, గొంతులో మిగిలిన స్ట్రెప్‌ని తుడవడానికి. మధ్యలో ఆపకండి.

మరి నిజంగా కాంప్లిమెంట్ లోపం పుట్టుకతో ఉందని ఎప్పుడు అనుమానించాలి? మెదడు పొరల వాపు రెండోసారి వచ్చినప్పుడు, పసితనం నుంచి మళ్లీ మళ్లీ న్యుమోనియా, చెవిలో చీము, రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, ఇంట్లో ఇంకో బిడ్డ ఇలాంటి జబ్బుతో పోయినప్పుడు, మరీ చిన్న వయసులో లూపస్ కనిపించినప్పుడు. అప్పుడు సిహెచ్50 అనే పరీక్ష చేస్తారు. నేను పైన చెప్పిన గొర్రె కణాల గొట్టం పరీక్షే అది, మొదటి దారి నుంచి చివరి రంధ్రం దాకా గొలుసు పనిచేస్తోందో లేదో చూపిస్తుంది. మీ బాబుకి ఎనిమిదేళ్లు వచ్చేదాకా అలాంటి కథ ఏదీ మీరు చెప్పలేదు.

ఆ పరీక్ష ఎప్పుడైనా ఎవరికైనా రాస్తే ఒక జాగ్రత్త. ఒక మే నెలలో బయటి ఊరి సెంటర్ నుంచి ఒక పాప రక్తం మా దగ్గరికి వచ్చింది. సిహెచ్50 సున్నా. రిపోర్ట్ మీద సంతకం పెట్టబోతూ, శాంపిల్ ఎలా వచ్చిందని అడిగాను. తెచ్చిన అబ్బాయి జేబులో పెట్టుకుని బస్సులో మూడు గంటలు ప్రయాణం చేశాడు. ఆ ఎండలో గొలుసు గొట్టంలోనే లేచి ఆరిపోయింది. మళ్లీ రక్తం తీయించి, సీరం వెంటనే వేరు చేసి ఐస్ మీద తెప్పిస్తే పూర్తిగా మామూలుగా వచ్చింది. సంతకం పెట్టి ఉంటే ఆ తల్లిదండ్రులు జీవితాంతం ఆ భయంతో బతికేవాళ్లు. సి3, సి4 అంత సున్నితం కావు, అయినా ఊళ్లో రక్తం ఇచ్చి పంపించడం కంటే మీరే వరంగల్ వచ్చి ఇవ్వడం మేలు. మొదటిసారి చేయించిన ల్యాబ్‌లోనే చేయించండి, ల్యాబ్ మారితే నంబర్ల కొలత మారుతుంది. సాధారణంగా పరగడుపున ఉండక్కర్లేదు.

ఇంట్లో మిగతా పిల్లల కాళ్లు, చేతులు, తల ఒకసారి వెలుతురులో చూడండి. కురుపులు ఉంటే సబ్బుతో కడిగి, అదే డాక్టర్‌కి చూపించండి. గోళ్లు కత్తిరించండి, తువ్వాలు ఎవరిది వాళ్లకే ఉంచండి. గజ్జి ఉంటే ఇంట్లో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి, ఒక్కరికే రాస్తే మళ్లీ తిరిగి వస్తుంది.

ఇవాళ్టి నుంచి ఎనిమిది వారాలకు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఈ 34 రిపోర్ట్‌ని పారేయకుండా ఫైల్‌లో ఉంచండి. రెండోది వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి మీ డాక్టర్‌కి చూపించండి, నాకూ రాయండి.